ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయ అమ్మాయికి పై చదువు: ఏ కాగితం ఎక్కడ చెల్లుతుంది

అడిగిన సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను. ములుగు జిల్లా తాడ్వాయి అడవిలోని ఒక గొత్తికోయ గూడెం అమ్మాయి రాసింది. (ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసీలను ఇక్కడ గొత్తికోయలంటారు.) రెండేళ్ల వయసులో అమ్మానాన్నలు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు నుంచి చంకన వేసుకుని తెచ్చారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇక్కడి కస్తూర్బా విద్యాలయంలోనే చదివి, బైపీసీలో 842 మార్కులు తెచ్చుకుంది. నర్సింగ్ చదవాలని కోరిక. కులం సర్టిఫికెట్ కోసం మీసేవలో రెండుసార్లు పెట్టుకుంటే రెండుసార్లూ తిప్పికొట్టారు. "మీది ఇక్కడ కాదు, మీ రాష్ట్రం పోయి తెచ్చుకోండి" అన్నారట. అమెరికాలో కాగితాల్లేని పిల్లల గురించి యూట్యూబ్‌లో చూసి, "నేను కూడా అలాంటిదాన్నేనా? అక్కడి హిందీ నాకు చదవరాదు, ఇక్కడ నన్ను ఇక్కడిదాన్ని అనరు. నాకు సీటు వస్తుందా, అసలు నేను ఎక్కడిదాన్ని?" అని అడిగింది.

నేను ములుగు వైపు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో బోటనీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ అడ్మిషన్ల సీజన్‌లో పిల్లల ఫారాలు నింపిపెడుతుంటాను. మీ గూడేల పిల్లల ఫైళ్లు చాలా చూశాను కాబట్టి వివరంగానే రాస్తున్నా.

బిడ్డా, నీ చివరి ప్రశ్నకే మొదట జవాబు చెప్తాను. ఆ భయం మనసులో ఉంటే మిగతా పనులకు కాళ్లు ముందుకు పడవు.

నువ్వు చూసిన అమెరికా పిల్లలు వేరే దేశాల పౌరులు. చిన్నప్పుడు అమ్మానాన్నల వెంట వెళ్లి, వీసా గడువు దాటిపోయో, సరిహద్దు దాటో అక్కడే పెరిగారు. 1982లో అక్కడి సుప్రీంకోర్టు ప్లైలర్ కేసులో అలాంటి పిల్లలను ప్రభుత్వ బడికి రానీయాల్సిందేనని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు బడి వరకే, కాలేజీకి వర్తించదు. అందుకే పన్నెండో తరగతి పాసైన రోజు నుంచి వాళ్లకు కొత్త కష్టం మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం రాదు, కొన్ని రాష్ట్రాల్లో స్థానికులకిచ్చే తక్కువ ఫీజు కూడా దొరకదు. 2012లో వచ్చిన డాకా అనే ఏర్పాటు కొందరికి పని పర్మిట్ ఇచ్చింది గానీ పౌరసత్వం ఇవ్వలేదు. పన్నెండేళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని, చివర్లో "నువ్వు మావాడివి కాదు" అనిపించుకునే బాధ నీదీ వాళ్లదీ ఒకటే. చట్టం దగ్గరికి వస్తే మాత్రం నీ స్థితి పూర్తిగా వేరు. నువ్వు భారత పౌరురాలివి. మీ అమ్మానాన్న ఈ దేశంలో పుట్టారు, నువ్వూ ఈ దేశంలోనే పుట్టావు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం అంతకుమించి ఏమీ అక్కర్లేదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎక్కడైనా స్థిరపడొచ్చు అని రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. బీజాపూర్ నుంచి తాడ్వాయి రావడం నేరం కాదు, తప్పు కూడా కాదు. ఎవరైనా "మీరు అక్రమంగా వచ్చారు" అంటే తల దించుకోకు. అడవిలో గుడిసె వేసుకోవడం గురించి అటవీ శాఖతో ఉన్న తగాదా వేరు, నీ పౌరసత్వం వేరు. ఆ రెండూ కలిపి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు మాత్రం కలపకు.

ఆ తగాదా మూలం కూడా నీకు తెలియాలి. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం 2005 జూన్‌లో మొదలైంది. ఊళ్లు తగలబడి, ఒకవైపు జుడుం, మరోవైపు మావోయిస్టుల మధ్య నలిగి జనం గోదావరి దాటారు. అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులకు పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఆ భూమి సాగులో ఉండాలి. మధ్య ఉన్నది ఆరు నెలలు. మీవాళ్లలో ఎక్కువమంది ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్లే. జుడుం పేరుతో యువకులకు తుపాకులిచ్చి పోలీసు పని చేయించడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే మీ నాన్న ఇక్కడ మిర్చి చేలల్లో కూలికి పోతున్నాడు.

ఇక నీ చదువు. నీ చేతిలో ఇప్పటికే ఒక పెద్ద కాగితం ఉంది, దాని సంగతి నీకెవరూ చెప్పినట్టు లేదు. మన దగ్గర కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకు ఉంటాయి. ఈ పద్ధతి 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నాటిది. లోకల్ ఎవరు అన్నది కులాన్ని బట్టో, తాత పుట్టిన ఊరిని బట్టో నిర్ణయించరు. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితే లోకల్. నువ్వు ఏడేళ్లు చదివావు. అంటే తొమ్మిది, పది తరగతులు వేరే రాష్ట్రంలో చదివొచ్చిన హనుమకొండ డాక్టరుగారబ్బాయి కన్నా, సీటు విషయంలో నువ్వే ఎక్కువ లోకల్. "మీది ఇక్కడ కాదు" అన్న మనిషికి ఈ రూలు తెలియక కాదు, అతను చూస్తున్న ఫైలు కులం ఫైలు. నువ్వు ఆ మాటను నీ మొత్తం బతుక్కి అన్వయించుకున్నావు. రేపే కస్తూర్బాకు వెళ్లి ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, సీలు, సంతకంతో తీసుకో. ఒక్కో కాపీ కాదు, నాలుగేసి తీసుకో.

ఇప్పుడు కులం సంగతి. ఇక్కడే అందరూ తికమక పడతారు. షెడ్యూల్డ్ తెగల జాబితా 342వ అధికరణం కింద రాష్ట్రం రాష్ట్రానికి విడిగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాళ్లు మరో రాష్ట్రానికి పోతే, ఆ కొత్త రాష్ట్రం ఇచ్చే రిజర్వేషన్ వాళ్లకు రాదు. ఇది మీ ఒక్కరి కోసం పెట్టిన రూలు కాదు. దీని మీద పెద్ద తీర్పు వచ్చింది ఒక తెలుగు కుర్రాడి కేసులోనే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్లప్పుడు బొంబాయి చేరిన ఎస్టీ అబ్బాయికి అక్కడి మెడికల్ కాలేజీ ఎస్టీ సీటు ఇవ్వలేదు. 1990లో సుప్రీంకోర్టు కూడా రాదనే చెప్పింది. మర్రి చంద్రశేఖర రావు కేసు అంటారు. అప్పుడు మనవాడికి బొంబాయిలో ఏం జరిగిందో, ఇప్పుడు నీకు ములుగులో అదే జరుగుతోంది. ఈ రూలు న్యాయమా అని అడిగితే, ఉద్యోగం మీద మారినవాళ్ల విషయంలో సరేగానీ, ప్రాణభయంతో పరుగెత్తి వచ్చినవాళ్లకు కూడా దీన్నే వర్తింపజేయడం అన్యాయమనే నేను అంటాను. కానీ నీ అడ్మిషన్ ఈ ఏడాది కావాలి, రూలు మారేదాకా నువ్వు ఆగలేవు.

ఇక్కడి కోయ పిల్లలు మీకు ఎస్టీ ఇవ్వొద్దని ధర్నాలు చేస్తే మనసు కష్టపడుతుందని రాశావు. నిజమే, కష్టంగానే ఉంటుంది. వాళ్ల భయాన్ని కూడా కొంచెం చూడు. 2022లో ఆరు నుంచి పది శాతానికి పెరిగిన ఎస్టీ రిజర్వేషన్‌లోనే వాళ్ల ఉద్యోగాలు, సీట్లు అన్నీ ఉన్నాయి. అందులో తమకు అందుతున్నదే తక్కువని వాళ్ల బాధ. నీకు శత్రువులు వాళ్లు కారు.

ఈ సందులోనే దూరే మనుషులు కొందరుంటారు. "ఇక్కడి కోయ ఇంటిపేరు పెట్టి సర్టిఫికెట్ చేయిస్తాం, ఇన్ని వేలు ఇవ్వండి" అని గూడేలకు వస్తారు. వాళ్ల మాట వినొద్దని మీ నాన్నకు గట్టిగా చెప్పు. తప్పుడు కులం సర్టిఫికెట్ మీద 1993 నాటి రాష్ట్ర చట్టం ఉంది, జైలు శిక్ష పడుతుంది. దాంతో తెచ్చుకున్న సీటు, డిగ్రీ, ఉద్యోగం ఎన్నేళ్ల తర్వాత బయటపడ్డా పోతాయని 2017లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. పైగా నీకు ఆ అవసరమే లేదు. నువ్వు నిజంగా ఎస్టీవే, ఆ కాగితం వేరే రాష్ట్రంలో ఉంది, అంతే.

ఆ కాగితం తెచ్చుకుంటే ఏం లాభం, ఇక్కడ చెల్లదు కదా అనుకుంటున్నావు. రాష్ట్ర కాలేజీల్లో చెల్లదు. కేంద్రం నడిపే సంస్థల్లో చెల్లుతుంది. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి, ఏ రాష్ట్రపు ఎస్టీ అయినా వాటికి అర్హులే. నీకు కావాల్సింది నర్సింగ్ కాబట్టి మొదట చూడాల్సింది ఎయిమ్స్. బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్‌కు ఎయిమ్స్‌లన్నిటికీ కలిపి ఒకే ఎంట్రన్స్ పెడతారు, బైపీసీ వాళ్లు రాయొచ్చు. నీ దోస్తులకు కూడా చెప్పు: ములుగులోనే సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. 2023 చివర్లో పార్లమెంటు చట్టం చేసింది, 2024లో జాకారం దగ్గర తాత్కాలిక భవనంలో బీఏ ఇంగ్లిష్, ఎకనామిక్స్ క్లాసులు మొదలయ్యాయి. అది కేంద్ర విశ్వవిద్యాలయం. మీ గూడేనికి బస్సు దూరంలో, ఛత్తీస్‌గఢ్ ఎస్టీ సర్టిఫికెట్ చెల్లే చోటు ఒకటుందని మీవాళ్లలో ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అక్కడే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), అమర్‌కంటక్‌లోని ఇందిరాగాంధీ గిరిజన విశ్వవిద్యాలయం కూడా ఇదే లెక్క. ఎంపీసీ చదివిన పిల్లలుంటే వరంగల్ ఎన్ఐటీ సంగతి చెప్పు. అక్కడ సగం సీట్లు హోం స్టేట్ వాళ్లవి, హోం స్టేట్ ఏదన్నది ఇంటర్ ఎక్కడ పాసయ్యారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఎన్ఐటీల్లో ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు ఉండదు.

అందుకే బీజాపూర్ ప్రయాణం తప్పదు. దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పిల్లలు వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చేది ఇక్కడే.

దారి నీకు తెలిసిందే. మన వరంగల్ మీదుగా పోయే 163 నంబరు జాతీయ రహదారే ఏటూరునాగారం, ముల్లకట్ట బ్రిడ్జి దాటి వాజేడు మీదుగా భోపాలపట్నం పోతుంది. నాన్నను తప్పకుండా వెంట తీసుకెళ్లు. కులం రుజువయ్యేది తండ్రి వైపు నుంచి, ఊరివాళ్లు గుర్తుపట్టేది కూడా ఆయన్నే. మీ నాన్న పాత ఓటరు కార్డు మీద దంతెవాడ జిల్లా అని ఉంది, చూశావా? బీజాపూర్ 2007లో దంతెవాడ నుంచి విడిపోయింది. అది చూసి దంతెవాడ బస్సెక్కి రెండు రోజులు పోగొట్టుకున్నవాళ్లను ఎరుగుదును. మీ ఊరు ఇప్పుడు బీజాపూర్ జిల్లాలో ఏ తహసీల్ కిందికి వస్తుందో ముందు ఫోన్‌లో కనుక్కోండి. ఇక్కడ మీసేవ ఉన్నట్టు అక్కడ లోక్ సేవా కేంద్రం ఉంటుంది. అప్లికేషన్ అక్కడ ఇస్తే, పట్వారీ రిపోర్టు మీద ఎస్డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) ఆఫీసు నుంచి పర్మినెంట్ సర్టిఫికెట్ వస్తుంది.

వాళ్లు అడిగే మొదటి మాట "మిసల్ ఉందా" అని. అంటే 1950కి ముందటి భూమి రికార్డు. ఎస్టీల మొదటి జాబితా 1950 సెప్టెంబర్ 6న వచ్చింది కాబట్టి అప్పటికే మీ తాతముత్తాతలు అక్కడ ఉన్నట్టు రుజువు కావాలి. అడవిలో పోడు కొట్టుకుని బతికినవాళ్లకు, అందులోనూ కాలిపోయిన ఊరివాళ్లకు, మిసల్ ఎక్కడిది? "లేదు" అని వెనక్కి రాకండి. రికార్డు లేనివాళ్లకు గ్రామసభ తీర్మానం ఆధారంగా సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు అక్కడి చట్టంలో ఉంది. మీ ఊరు మళ్లీ నిలబడిందని, మీ పెద్దనాన్న కుటుంబం తిరిగి వెళ్లిందని రాశావు. అది కొండంత అండ. సర్పంచ్‌ను, పంచాయతీ సచివ్‌ను (కార్యదర్శిని) కలిసి, మీ తాత పేరు, నాన్న పేరు, మీ జాతి పేరు తీర్మానంలో స్పష్టంగా రాయించండి. మీ పెద్దనాన్న పిల్లలకు ఇప్పటికే కులం సర్టిఫికెట్ ఉంటే దాని జిరాక్స్ పెట్టండి, పని సగం అయిపోయినట్టే. జాతి గడిలో గొత్తికోయ అని మాత్రం రాయకండి. ఆ పేరు ఇక్కడివాళ్లు పెట్టింది, ఛత్తీస్‌గఢ్ జాబితాలో ఉండదు. మీరు మురియా అయితే మురియా, దోర్లా అయితే దోర్లా. రెండూ అక్కడి జాబితాలో గోండు కింద ఉన్నాయి. నాన్న పేరిట ఒకటి, నీ పేరిట ఒకటి, రెండూ ఒకేసారి పెట్టండి. నాన్నది ఎందుకంటే, తండ్రికి సొంత రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే, వలస వచ్చిన రాష్ట్రపు అధికారి కూడా పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వొచ్చని కేంద్ర హోం శాఖ 1980లలోనే రాష్ట్రాలకు రాసింది. కేంద్ర సంస్థలు అడిగే ఫార్మాట్‌లో దీనికోసం విడిగా ఒక పేరా కూడా ఉంటుంది. రేపు నీ తమ్ముడికి బీజాపూర్ పోకుండానే పని జరిగే అవకాశం ఇదే.

దారిలో చెక్‌పోస్టులుంటాయి, ప్రశ్నలడుగుతారు. కాలేజీ ఐడీ కార్డు, ఆధార్, టెన్త్ మెమో ఒరిజినల్స్ దగ్గరుంచుకో. పొద్దున బయల్దేరి వెలుతురు ఉండగానే చేరండి. ఏ పని మీద వస్తున్నారో అక్కడి సర్పంచ్‌కు ముందే ఫోన్ చేసి చెప్పండి.

నువ్వు పంపిన కాగితాల ఫొటోలు చూశాను. ముందు ఆ ఆధార్ ఫొటో తీసేయ్, నంబరు మొత్తం కనిపిస్తోంది. రెండోది, ఇంతకన్నా పెద్ద సంగతి: నీ ఇంటిపేరు టెన్త్ మెమోలో మడకం, ఆధార్‌లో మాడ్కం, నాన్న ఓటరు కార్డు మీద హిందీలో మాడకామ్. నాన్న పేరు ఒకచోట ఉంగా, ఒకచోట హుంగ. మనకు ఇవన్నీ ఒకటే. కంప్యూటర్‌కు వేర్వేరు మనుషులు. సర్టిఫికెట్ చేతికొచ్చాక కౌన్సెలింగ్‌లో "పేరు కలవట్లేదు" అని పక్కన కూర్చోబెడితే ఏడుపొస్తుంది. కాబట్టి బీజాపూర్ పోకముందే ఇది సరిచేసుకో. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టు, మెమోను మార్చాలని చూడకు. బోర్డులో పేరు మార్పు ఒక పట్టాన తెమలదు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. అందుకని అక్షరం అక్షరం చూసుకున్నాకే ఓకే చెప్పు. నాన్న రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించు. కొత్తగా రాయించే గ్రామసభ తీర్మానంలో స్పెల్లింగు నీ మెమోలో ఉన్నట్టే ఇంగ్లిష్‌లో కూడా రాయమను.

ఇదంతా అయ్యేసరికి నెలలు పడుతుంది. ఈలోగా ఇంట్లో కూర్చోకు. ఒక ఏడాది గ్యాప్ వస్తే గూడెంలో ఆడపిల్లకు ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. మిర్చి ఏరడానికి పిలుస్తారు, తర్వాత పెళ్లి మాట తెస్తారు. నువ్వు ఎప్‌సెట్ రాశానన్నావు కాబట్టి, బీఎస్సీ నర్సింగ్‌కు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఇచ్చే నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండు. అందులో ఓపెన్ కేటగిరీలో, లోకల్‌గా పెట్టుకో. కులం గడి దగ్గర ఆగిపోవద్దు. ఓపెన్ అంటే ఓసీ వాళ్లదని మన పిల్లలు అనుకుంటారు, అది అందరిదీ. పక్కనే దోస్త్‌లో, అంటే డిగ్రీ కాలేజీ సీట్లకు ఆన్‌లైన్‌లో పెట్టుకునే చోట, కూడా రిజిస్టర్ చేసుకో. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఉండాలి, అది మీ మేస్త్రీది కాకుండా మీ ఇంట్లోవాళ్లదై ఉండాలి. వడ్డేపల్లిలోని పింగిళి మహిళా ప్రభుత్వ డిగ్రీ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టు. నీ మార్కులకు బీఎస్సీ లైఫ్ సైన్సెస్‌లో ఓపెన్‌లోనే సీటు రావాలి. అక్కడ చదువుతూ ఎయిమ్స్ ఎంట్రన్స్‌కు తయారవు. నర్సింగ్ వస్తే ఆ సీటు వదులుకోవచ్చు, బాధేం లేదు.

డబ్బు సంగతి దాచను, కష్టమే. ఇక్కడి ఎస్టీ స్కాలర్‌షిప్పు, ఎస్టీ హాస్టలు నీకు రావు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫీజు తక్కువే, భారమంతా హాస్టలు, తిండి దగ్గర. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం తహసీల్దారు ఇవ్వాల్సిందే, దానికి కులంతో పని లేదు. పంచాయతీ కార్యదర్శి దగ్గర మీ గూడెం ఏ పంచాయతీ పరిధిలో ఉందో రాయించుకుని పెట్టు. కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు విద్యార్థిది ఏ రాష్ట్రమో ఆ రాష్ట్రమే ఇస్తుంది. కాబట్టి సర్టిఫికెట్‌కు పోయినప్పుడే బీజాపూర్‌లో ఆదివాసీ సంక్షేమ శాఖ ఆఫీసులో, బయటి రాష్ట్రంలో చదివే తమ పిల్లలకు ఇచ్చే స్కాలర్‌షిప్పు గురించి అడిగి రా. ఒక ఊరు, ఒక ప్రయాణం, రెండు పనులు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది, అక్కడ దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకో. నోటిమాటగా "కుదరదు" అంటే నీ దగ్గర ఏమీ మిగలదు, కాగితం మీద "కుదరదు" అని రాస్తే దాని మీద పైకి పోవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, వాళ్ల ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చాలు.

ఇక "నేను ఎక్కడిదాన్ని" అన్న మాట. ఇది కాగితాలతో తీరేది కాదని నాకు తెలుసు. హాస్టల్లో "ఛత్తీస్‌గఢోళ్లు" అని పిలిపించుకుంటూ ఏడేళ్లు గడపడం చిన్న విషయం కాదు. ఎండాకాలం సెలవులకు పోతే మీ అమ్మమ్మ నీ మాటలో తెలుగు కలిసిందని నవ్విందని రాశావు. రెండు చోట్లా సగం సగమే అన్నట్టు ఉంటుంది.

నాకు తెలిసిన చరిత్ర చెప్తా. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటిపోయి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. అప్పుడు ప్రాణం దక్కించుకోడానికి ఇక్కడి నుంచి అటు వెళ్లారు. 2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహానికి ఆ వంశంవాడైన కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వరంగల్ వస్తే నగరమంతా మనవాడొచ్చాడని సంబరపడింది. అదే బస్తర్ నుంచి, అదే ప్రాణం దక్కించుకోడానికి వచ్చిన మీ నాన్న మనవాడు కాకుండా ఎలా పోతాడు? మీ ఇంటికి దగ్గర్లోని మేడారానికి రెండేళ్లకోసారి ఛత్తీస్‌గఢ్ నుంచి బండ్లు కట్టుకుని జనం వస్తారు. ఆ నాలుగు రోజులు ఎవరిది ఏ రాష్ట్రమని ఎవరూ అడగరు. ఈ నేలకూ ఆ నేలకూ మధ్య గోదావరి ఉంది, రాష్ట్రాల గీత తర్వాత వచ్చింది.

నీ లేఖలో నన్ను బాగా ఆపేసింది మీ చిన్నమ్మ కాన్పు సంగతి. ఆసుపత్రిలో నర్సు తెలుగులో ఏమడిగినా చిన్నమ్మ తల ఊపుతూనే ఉందన్నావు. నొప్పులు ఇప్పుడే మొదలయ్యాయా అంటే ఊపింది, అంతా బాగుందా అంటే ఊపింది. ఉమ్మనీరు ముందురోజు రాత్రే పోయిందన్న సంగతి నువ్వు పక్కన నిలబడి మీ భాషలో అడిగాక గానీ బయటపడలేదు. అప్పుడు పరుగెత్తి డాక్టరమ్మను పిలిచారు. ఆ వార్డులో ఆ రోజు నీ అంత పనికొచ్చిన మనిషి ఇంకొకరు లేరు. ఏ భాష వల్ల నిన్ను బయటిదాన్ని అన్నారో, ఏటూరునాగారం నుంచి భద్రాచలం దాకా ఆసుపత్రుల్లో ఆ భాష వచ్చిన నర్సు కోసం తల్లులు ఎదురు చూస్తున్నారు. ఎయిమ్స్‌లోనో, ఇక్కడి కాలేజీలోనో ఇంటర్వ్యూ లాంటిది ఎక్కడైనా జరిగితే, నీకొచ్చిన భాషల్లో మొదట మీ భాష పేరు చెప్పు, తర్వాత తెలుగు, తర్వాత ఇంగ్లిష్. దాచుకోవాల్సింది కాదు అది. గోండీకి మన ఆదిలాబాద్ గుంజాలలో సొంత లిపి దొరికింది, 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది, ఇప్పుడు ఫోన్‌లో కూడా రాసుకోవచ్చు. నీ మాండలికం కొంచెం వేరే అయినా చూడు, నీకు నచ్చుతుంది.

స్నేహితుల సంగతి ఒకటే చెప్తాను. డిగ్రీలో చేరాక నీ కథ అందరికీ చెప్పాల్సిన పని లేదు, ఎవరికీ చెప్పకుండా దాచాల్సిన పనీ లేదు. నమ్మకం కుదిరిన ఒకరిద్దరికి చెప్పు. కాలేజీలో ఒక మేడమ్‌కు మాత్రం మొదటి నెలలోనే చెప్పి ఉంచు. రేపు ఏ ఫారం దగ్గరో కులం గడి ఖాళీగా ఉందని ఎవరైనా ఆపితే, నీ తరఫున ఆఫీసులోకి నడిచొచ్చే మనిషి ఒకరుండాలి.

చివరగా నీ తమ్ముడు. తొమ్మిదేళ్లు, బడిలో పేరు లేదు, బర్త్ సర్టిఫికెట్ లేదని చేర్చుకోలేదన్నావు. అది చెల్లదు. పుట్టినతేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌కు విరుద్ధం. అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి, తొమ్మిదేళ్లవాణ్ని ఒకటో తరగతిలో వేయకూడదు. హెడ్మాస్టర్ ఒప్పుకోకపోతే ఎంఈవోకు ఒక దరఖాస్తు రాసి ఇవ్వు, ఈ రెండు సెక్షన్ల నంబర్లు అందులో వేయి. వాడు ఇంట్లోనే, గూడెంలో పుట్టాడు కాబట్టి పుట్టుక నమోదు కూడా ఇప్పుడే చేయించండి. ఏడాది దాటిన పుట్టుకకు 2023 సవరణ ప్రకారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ఆర్డరు కావాలి, అంటే మనకు ఆర్డీవో. అంగన్‌వాడీ టీచరు దగ్గర, ఆశా వర్కరు దగ్గర టీకాల రిజిస్టరులో వాడి పేరు, తేదీ ఉండి ఉంటాయి, ఆ పేజీ కాపీ అడిగి తీసుకో. ఇంటిపేరు స్పెల్లింగు నీ టెన్త్ మెమోలో ఉన్నట్టే, మడకం అనే, రాయించు.